రెండు తలుపుల గది

దిగుడు 611
నీళ్ళ చలి: ఎనిమిది డిగ్రీలు. లోతు: ఆరు బారలు. చూపు: మూడు బారల దాకా. తోడు: అసిరి.

తోడు అన్న చోట ఆ పేరు రాయాలంటే ఇప్పటికీ నా పెన్సిలు మొరాయిస్తుంది. రాయకపోతే మా దిగుడు సంఘం వాళ్ళు గాలి సిలిండరు ఇవ్వరు కాబట్టి రాస్తున్నాను. అసిరి నా ఆడపడుచు, నా మొగుడు గురువులుకు ఒక్కగానొక్క చెల్లెలు. మాకిద్దరికీ మాటల్లేక మూడేళ్ళయింది.

మాటలు లేకపోతేనేం, ఈ కొత్తరేవులో మా అంత జత ఇంకోటి లేదు. నీళ్ళలో ఎలాగూ నోరు పెగలదు. బొటనవేలు పైకెత్తితే పైకి పోదామని, పిడికిలి చూపిస్తే ఆగమని. ఆమాత్రం దానికి పగలూ పంతాలూ అడ్డం రావు.

పొద్దున్నే పడవ మీద దాసయ్య మావ బాయిలరు వెలిగించి, రబ్బరు గొట్టంతో మా మెడ దగ్గర నుంచి సూట్లోకి వేణ్ణీళ్ళు పోశాడు. అవి కాళ్ళలోకి దిగేదాకా ఇద్దరం కోళ్ళలాగా ఒంటికాలి మీదా రెండోకాలి మీదా గెంతాం. మామూలుగా అయితే నవ్వుకోవాల్సిన దృశ్యం. ఆవిడ తూర్పు చూసింది, నేను పడమర చూశాను.

మునిగిన ఓడ ముందు భాగంలో సగం సంచి ఆలిచిప్పలు గీకాను. వెనక భాగం అసిరిది. ముందు తలుపు వాలు: మూడున్నర వేళ్ళు, తూర్పుకి. పోయిన వారం మూడు. ఏం పరవాలేదు.

దిగుడు 614
చలి: ఎనిమిది. చూపు: రెండు బారలు. తోడు: ఆవిడే.

ఈ మునిగిన ఓడే లేకపోతే ఊళ్ళో పొయ్యి వెలగదు. చలిగొట్టం పెట్టాక సముద్రంలో మా చేపలు మాకు లేకుండా పోయాయి. ఉన్నవల్లా ఓడ రేకులకి గుత్తులు గుత్తులుగా పట్టిన ఈ ఆలిచిప్పలే. రోజూ పది గంటలకి రెండు మైళ్ళ అవతల గొట్టం తెరుచుకుంటుంది, ఒంటిగంట దాకా అడుగునున్న చన్నీళ్ళు తోడి పైన పోస్తుంది. ఆ మూడు గంటలూ ఇక్కడ నీళ్ళు ఏరులా లాగేస్తాయి. అందుకని ఆరింటికి దిగి, తొమ్మిదిలోపు పైకొచ్చేస్తాం.

ఆ ఈడుపుకి ఓడ కింద ఇసక జారుతోందని అందరికీ తెలుసు. అందుకే కొలత. వల అడుగున కట్టే సీసం గుండు ఒకటి దారానికి కట్టి, తలుపు చట్రం పైమూల నుంచి వేలాడదీసి, దారం కింద చట్రానికి ఎన్ని వేళ్ళ దూరంలో ఉందో, నీళ్ళలో రాసినా చెరగని ఈ పుస్తకంలో రాయాలి. ముందు తలుపు నేను కొలుస్తాను, వెనక తలుపు అసిరి కొలుస్తుంది. మర్నాడు పొద్దున్న పడవ మీద ఒకరి పుస్తకం ఒకరు చదివి దిగాలి. అదీ సంఘం కట్టడి.

ఇవాళ కూడా దాసయ్య మావ అడిగాడు. "పుస్తకాలు మార్సుకున్నారేటర్రా? సదివీసినారా?"

ఇద్దరం తలూపాం. పాపం, ఆయనకి చదువు రాదు. మా మొహాలు చూసి నమ్మేస్తాడు.

ముందు తలుపు: నాలుగు వేళ్ళు, తూర్పుకి.

రాత్రి గురువులు రేడియోలో మాట్లాడాడు. చలిగొట్టం మీద కాపలా పని ఆయనది, ఆర్నెల్లకోసారి ఇంటికొస్తాడు. "మా సెల్లి బాగున్నాదా?" అనడిగాడు. నాకేం తెలుసు, రోజూ పక్కనే ఈదుతుంది, నువ్వే అడుగు అన్నాను.

దిగుడు 617
చలి: ఏడు. చూపు: ఒక బార. తోడు: అసిరి.

7:50. ముందు తలుపు: అయిదు వేళ్ళు. మూడు రోజుల్లో ఒక వేలు జరిగింది. రేపు దాసయ్య మావకి చెప్పాలి. బయట చిప్పలు గీకేశాం కాబట్టి ఇవాళ నడిమి గదిలోకి వెళ్తున్నాను. ఒకప్పుడు ఓడ వాళ్ళు వంట చేసుకున్న గది అది. ఇంతవరకూ ఎవరూ ముట్టుకోలేదు, గోడల నిండా చిప్పలే. ఆ గదికి రెండు తలుపులు, ముందొకటి, వెనకొకటి. ఒకరు లోపలికెళ్తే రెండోవాళ్ళు బయట తలుపు దగ్గర ఉండాలి. అసిరి ఎలాగూ బయటే ఉంటుంది.

8:15. ఉండలేదు.

ముందు ఇది రాస్తాను. రాస్తుంటే ఊపిరి నెమ్మదిస్తుందని దిగడం నేర్పేటప్పుడు చెప్పారు. నేను ముందు తలుపులోంచి వచ్చాను. నేను బయటున్నాననుకుని ఆవిడ వెనక తలుపులోంచి వచ్చింది. గది మధ్యలో దీపాలు ఒకదాని మొహాన ఒకటి పడ్డాయి. అప్పుడే ఓడ ఒళ్ళు విరుచుకుంది. ఆ చప్పుడు చెవిలో కాదు, ఎముకల్లో వినబడింది. ముందు తలుపు చట్రం నలిగి నా వీపు మీదికి వచ్చింది. నేను తప్పుకున్నాను గానీ నా గాలి గొట్టం తప్పుకోలేదు. తలుపు కింద నలిగి తెగిపోయింది. సిలిండరులో ఉన్న గాలంతా బుడబుడమని గది కప్పుకి పోయింది.

అసిరి తన మూతిగొట్టం తీసి నా నోట్లో పెట్టింది. రెండు గుక్కలు నాకు, రెండు గుక్కలు తనకి. అలా పైకి తేలాం. కప్పు కింద మూల చోటుంది. నా సిలిండరు గాలి, మేం వదిలిన బుడగలూ అన్నీ అక్కడే పోగయ్యాయి. ఇద్దరి తలలూ, నాలుగు భుజాలూ పడతాయి. గాలి తుప్పు వాసనేస్తోంది. ఇప్పుడు మా ఇద్దరి మొహాల మధ్య జానెడు దూరం లేదు.

8:22. మూడేళ్ళ తర్వాత నా ఆడపడుచు నాతో అన్న మొదటి మాట: "నువ్వెందుకొచ్చినావిక్కడికి?"

"నువ్వెందుకొచ్చావు?" అన్నాను.

"నువ్వు బయట ఉన్నావనుకున్నాను."

"నేనూ అదే అనుకున్నానే, తల్లీ!"

ఇద్దరం కాసేపు ఒకరినొకరు తిట్టుకున్నాం. ఆ తిట్లు సంఘం పుస్తకంలో రాసేవి కావు. ఊపిరి దండగని ఆవిడే ముందు ఆపింది.

8:30. అసిరి పుస్తకం లాక్కుని చదివాను. వెనక తలుపు: అయిదున్నర వేళ్ళు, పడమటికి. పదిరోజుల్లో రెండు వేళ్ళు. నాది తూర్పుకి, దానిది పడమటికి. విడివిడిగా చూస్తే ఏ కొలతా భయపెట్టేది కాదు. రెండూ పక్కపక్కన పెడితే ఏడో క్లాసు పిల్లకైనా తెలుస్తుంది. తడిబట్ట పిండినట్టు ఓడ నడుం దగ్గర మెలిపడుతోంది. మేం సరిగ్గా ఆ నడుంలో కూర్చున్నాం.

"సంకురాత్రికే ఓడ వొదిలీసి ఉండాల్సింది," అంది అసిరి. "పుస్తకం ఇమ్మని ఒక్కపాలైనా అడగలేకపోయావా?"

"నువ్వడగొచ్చుగా!"

అని అరిచాను గానీ, నిజం రాయడానికే కదా ఈ పుస్తకం. ముందు ఇవ్వడం మానేసింది నేనే. చలిగొట్టం వద్దా, కావాలా అని ఊరు చేతులెత్తిన రోజు వద్దని నలభై రెండు, కావాలని నలభై మూడు. ఆ నలభై మూడోది నా చెయ్యి. ఆఖరి తుపాను మా అమ్మని ఇంటితో సహా తీసుకుపోయింది. సముద్రాన్ని చల్లబరిచి తుపాను రాకుండా చేస్తామని గొట్టం వాళ్ళంటే నేను చెయ్యెత్తకుండా ఎలా ఉంటాను? సముద్రం చల్లబడితే వల ఎవరికి, పడవ ఎవరికి అని అసిరి నెత్తీ నోరూ కొట్టుకుంది. తుపాన్లు పోయాయి. దాని మాటా నిజమైంది, చేపలూ పోయాయి. దాని అన్న పడవ అమ్మేసి ఆ గొట్టం మీదకే కాపలాకి పోయాడు. మా అన్నని నడిసముద్రంలో కట్టేశావని నలుగురిలో నన్ను అంది. మర్నాడు అది చెయ్యి చాపితే నేను పుస్తకం ఇవ్వకుండా మొహం తిప్పేసుకున్నాను. అలా రెండు రోజులు చాపింది. మూడో రోజు మానేసింది.

ఆ మాట చెప్పాను. "నాకు గుర్తున్నాది," అంది.

8:41. ముందు తలుపు కదల్లేదు. ఇద్దరం కాళ్ళతో తన్నాం. వెనక తలుపు అవతల గదిలో రేకులన్నీ కూలాయి గానీ కింద ఎడమ మూల ఒక బొక్క ఉందట. అసిరికి తెలుసు, నాకు తెలియదు. వెనక భాగం ఎప్పుడూ దానిదే. మనిషి బోర్లా పాకితే పదిబారల దూరం. ఒకరి వెనక ఒకరే పట్టేంత సందు, గాలి పంచుకోవడం కుదరదు. సిలిండరు ఒకటే. అందులో గాలి చూపే ముల్లు ఎనభై దగ్గరుంది, ఒక మనిషి పైకి పోవడానికి చాలు.

అది వెళ్ళాలి. పడవ మీద ఇంకొన్ని సిలిండర్లు ఉన్నాయి, ఒకటి తీసుకుని రావాలి. పదింటిలోపు. పదింటికి గొట్టం తెరుచుకుంటే ఈ ఓడ ఇంకోసారి మెలిపడుతుంది.

మూతిగొట్టం పెట్టుకునే ముందు అంది, "ఊపిరి సిన్నగా తీసుకో వొదినా. మాటాడకు. నీకది కష్టమే అనుకో."

8:44. వెళ్ళింది. దాని దీపం వెలుగు బురదలో కలిసిపోయింది.

8:58. తలనొప్పి మొదలైంది. ఒకసారి వదిలిన గాలినే మళ్ళీ పీలిస్తే ఇలాగే ఉంటుంది. నీళ్ళు చంకల దాకా ఉన్నాయి. సూట్లో వేణ్ణీళ్ళ వెచ్చదనం ఎప్పుడో పోయింది.

9:10. రాయకూడదు గానీ రాస్తున్నాను. అది రాకపోతే? నేనే అయితే వచ్చేదాన్నా? పైకి తేలి, ఎండ మొహాన పడి, దాసయ్య మావ అల్లం నీళ్ళు చేతిలో పెడితే, మళ్ళీ ఈ సమాధిలోకి దూరేదాన్నా, అదీ నలుగురిలో నా పరువు తీసిన ఆడపడుచు కోసం? మూడేళ్ళు మొహం చూడని మనిషి కోసం? నిజం చెబితే, తెలియదు. నాకు చాలా భయంగా ఉంది. అమ్మ గుర్తొస్తోంది.

9:24. కప్పు మీద చెయ్యి పెడితే చిన్నగా అదురుతోంది. చోటు తగ్గింది. ఇందాక భుజాలు నీళ్ళ పైన ఉండేవి, ఇప్పుడు లేవు. గాలి ఎక్కడి నుంచో పోతోంది.

9:33. రాదు. వచ్చేదైతే ఈపాటికి వచ్చేది. ఒసేయ్ అసిరీ, రావే.

9:41. వచ్చింది.

వచ్చింది! సిలిండరు ముందుకు తోసుకుంటూ, మోచేతులు చీరుకుపోయి, బురదలోంచి దీపం. నేను గట్టిగా ఏడ్చేశాను. నేనేడవడం అది మొదటిసారి చూసింది, నాకేం సిగ్గుగా లేదు.

చెప్పింది. పడవ రేడియోలో అన్నతో మాట్లాడిందట. "గొట్టం తెరవకు అన్నా, లోపల వదినుంది" అందట. పోయిన నెల నుంచీ గొట్టం దానంతట అదే తెరుచుకుని దానంతట అదే మూసుకుంటోందట, మీటలన్నీ పీకేశారట. ఆయన పని అద్దాలు తుడవడం, తుప్పు గీకడం. ఆయన పిలిస్తే ఒడ్డున గొట్టం ఆఫీసులో ఎవరూ పలకలేదట. "అన్న గొల్లుమన్నాడొదినా," అంది.

"తెరుచుకుంటుందని తెలిసి మళ్ళీ వచ్చావా?"

"మరేటి సెయ్యమంటావు? పడవ మీద కూకుని గడియారం సూడమంటావా? ఈ తగులాట నాను పడలేను. పద."

నువ్వు ముందు వెళ్ళు, తోవ తెలిసినదానివి అన్నాను. అది ఒప్పుకోలేదు. "నీ నడుం ఇరుక్కుంటే ఎనక నుంచి తొయ్యడానికి ఎవులుంటారు? నువ్వే ముందు."

10:35. ఓడ బయట, నీళ్ళలోనే రాస్తున్నాను, ఎడమ చేత్తో. అక్షరాలు వంకర పోతే సంఘం క్షమించాలి.

అది చెప్పినట్టే నడుం ఇరుక్కుంది. ఆఖరి రేకు దగ్గర ముందుకీ పోలేను, వెనక్కీ రాలేను. సిలిండరు విప్పి ముందుకు నెట్టాను, అయినా పట్టలేదు. అది వెనక నుంచి రెండు కాళ్ళూ పట్టుకుని, తల ఆనించి తోసింది. చర్మం లేచిపోయింది గానీ బయటపడ్డాను. వెనక్కి తిరిగి దాని చేతిని పట్టుకున్నాను. అప్పటికి పది కొట్టడానికి మూడు నిమిషాలున్నాయి. గొట్టం గడియారం మా గడియారం కంటే ముందుందేమో. నీళ్ళు ఒక్కసారి లాగాయి, ఓడ మూలిగింది, రేకు కిందికి దిగింది.

పూర్తిగా దిగలేదు. బెత్తెడు సందు మిగిలింది. అందులోంచి దాని కుడి చెయ్యి మోచేతి దాకా బయట ఉంది. మిగతా మనిషి అంతా లోపల ఉంది.

పడవ నుంచి వేలాడే తాడు మూడుసార్లు గుంజాను. దాసయ్య మావకి అర్థమైంది. సిలిండర్లు రాకముందు తాతలు వాడిన గాలి మిషను పడవ అడుగున ఉంది. దాని గొట్టం దించాడు. సందులోంచి లోపలికి తోశాను. అది అందుకుంది. తన సిలిండరు అయిపోతే ఇప్పుడు దాంతో పీలుస్తోంది. తాడుకి కట్టి మావ నాకు కొత్త సిలిండర్లు పంపాడు, ఆ తాడు నడుముకి కట్టుకున్నాను. ఊళ్ళోంచి గొలుసులు, జాకీలు తెమ్మని కబురు చేశాడు. ఈ ఈడుపులో ఇంకో పడవ నిలవదు, ఒంటిగంట దాకా ఎవరూ దిగలేరు.

ఒంటిగంట దాకా మేమిద్దరమే ఉండాలి.

11:10. మావ బాయిలరు నుంచి దించిన వేణ్ణీళ్ళ గొట్టం ఒకటే. వంద లెక్కపెట్టేదాకా సందులోంచి దానికి పడుతున్నాను, తర్వాత యాభై నాకు. అది నా లెక్క కనిపెట్టింది. గొట్టాన్ని లోపల నుంచి బయటికి తోసేస్తోంది. మళ్ళీ లోపలికి తోశాను. ఈ పరిస్థితిలో కూడా నాతో జగడమే. గట్టిగా గిల్లాను. ఊరుకుంది.

11:40. నీళ్ళు ఈడుస్తున్నాయి. నడుముకి కట్టిన తాడు లేకపోతే ఈపాటికి ఎక్కడ తేలేదాన్నో. కుడి చెయ్యి దాని చేతిలో ఉంది. ఒకసారి నొక్కితే బాగున్నాను అని, రెండుసార్లు నొక్కితే నువ్వు బాగున్నావా అని. ఎవరూ అనుకోలేదు, దానంతట అదే కుదిరింది.

12:05. పుస్తకంలో రాసి చూపిద్దామంటే సందులోంచి దానికి కనబడదు. అందుకని చేతి మీద వేలితో రాశాను, నెమ్మదిగా, ఒక్కో అక్షరం. తప్పు నాది. అది నా అరచేతిలో రాసింది. ఊరుకో.

12:30. మావ తాడు గుంజుతున్నాడు, పైకి రమ్మని. ఆయన భయం నాకు తెలుసు. ఈ చలిలో ఇన్ని గంటలు ఎవరూ ఉండకూడదు. నా పళ్ళు మూతిగొట్టాన్ని కొరికేస్తున్నాయి. ఒకసారి వెళ్ళి వేడి నీళ్ళు తాగి వద్దామని చెయ్యి వెనక్కి లాగాను. అది వదల్లేదు. గట్టిగా పట్టేసింది. ఆ పట్టులో దాని భయమంతా నాకు తెలిసింది. ఇందాక గదిలో అంత జోరుగా మాట్లాడిన మనిషికి నాకంటే ఎక్కువ భయముంది.

వెళ్ళను. తాడు ఒకసారి గుంజి ఇక్కడే ఉన్నానని చెప్పాను.

12:50. రెండుసార్లు నొక్కాను. జవాబు రాలేదు. మళ్ళీ నొక్కాను. రాలేదు. పట్టు మాత్రం అలాగే ఉంది. సందులోంచి దాని బుడగలు వస్తున్నాయి. లెక్కపెడుతున్నాను. చాలా దూరం దూరంగా వస్తున్నాయి. అసిరీ, ఇంకా పది నిమిషాలే. ఒసేయ్, పదే పది.

12:57. బుడగ. బుడగ. బుడగ.

3:30. పడవ మీద.

ఒంటిగంటకి నీళ్ళు ఆగాయి. రెండు పడవలొచ్చాయి, నలుగురు దిగారు. రేకు కింద జాకీ పెట్టి, గొలుసు వేసి ఎత్తారు. ఒంటిగంట పద్నాలుగు నిమిషాలకి అసిరి బయటికొచ్చింది, కళ్ళు తెరిచే ఉన్నాయి గానీ ఎటో చూస్తున్నాయి. మేం పైకి తేలిన కాసేపటికి కింద ఓడ రెండు ముక్కలైంది. పడవ అంతా అదిరింది. ఇక రేపటి నుంచి ఊరు ఏం తింటుందో నాకు తెలియదు, ఇవాళ ఆలోచించను.

మమ్మల్ని ఇద్దరినీ ఒక్కసారే పడవలోకి లాగాల్సొచ్చింది. దాని వేళ్ళు బిగుసుకుపోయాయి, నా చెయ్యి ఊడి రాలేదు. ఇద్దరినీ ఒకే దుప్పట్లో చుట్టి, దాసయ్య మావ ఆ చేతుల ముడి మీద గోరువెచ్చటి నీళ్ళు పోస్తూ కూర్చున్నాడు. "ఒలమ్మా, ఒలమ్మా," అనుకుంటూ ఆయనే ఏడుస్తున్నాడు. చాలాసేపటికి దాని బొటనవేలు కదిలింది. తర్వాత చూపుడు వేలు. ఒక్కోటీ విచ్చుకుంటుంటే అది నా మొహం వైపు చూసింది, ఈసారి నన్నే చూసింది.

దాని వేళ్ళన్నీ విడిపోయాయి. అప్పుడు చూసుకుంటే నేనే దాని చెయ్యి పట్టుకుని ఉన్నాను.

"వొదులొదినా," అంది. "నొప్పెడతన్నాది."

"పెట్టనీ," అన్నాను.